గొంతు వణకని సాక్ష్యం

మిర్చి యార్డులో ఆ పొద్దున సమ్మమ్మ పెట్టిన కేకకు జనానికి వచ్చే తుమ్ములు కూడా ఆగిపోయాయి.

"నా బస్తా పోయింది! పదకొండు తెస్తే పదే ఉన్నయి!"

అడ్తిదారు రాజేశ్వర్ రావు దుకాణంలోంచి లేచి వచ్చాడు. పరకాల పక్కనుంచి వచ్చే సమ్మమ్మ సరుకు ఏటా ఆయనే అమ్మిపెడతాడు. కాబట్టి తగువూ ఆయనే తీర్చాలి. ముప్ఫై ఏళ్లుగా ఆయనది ఒకటే సూత్రం: నిజం చెప్పేవాళ్ల గొంతు వణకదు.

"దొంగను చూసినవా?"

"సూడకేంది!"

ఆరుగురు హమాలీలను వరుసగా నిలబెట్టాడు. మిరప ఘాటుకు అందరి ముఖాలకూ తువ్వాళ్లే. కళ్లు తప్ప ఏమీ కనబడవు. తువ్వాళ్లు తియ్యమనబోతే సమ్మమ్మే వద్దంది.

"ఉండనియ్యి సేటూ, నాకు కండ్లు చాలు. అగో, వాడే!"

వేలు పోయి యాకయ్య ముక్కు ముందు ఆగింది. యాకయ్య పదిహేనేళ్లుగా అదే దుకాణంలో బస్తాలు మోస్తున్నాడు.

"నేను కాదక్కా!"

"కాదంటవా? బస్తా ఎత్తుకొని, ఎనకకు మర్రి నన్నే సూసుకుంట పోయినవు. ఎడమ కాలు జర ఈడ్చినవు."

యాకయ్య కాలు ఈడ్చడం అంతకుముందు ఎవరూ ఎరగరు. ఆమె అన్నాక అతను ఒక అడుగు ముందుకేస్తే, ఈడుస్తున్నట్టే ఉంది.

చాయ్ అమ్మే పూలమ్మ మెల్లగా నోరు విప్పింది. "సేటూ, అప్పుడు ఈమె బస్తాల మీద కునుకు తీస్తున్నట్టు అనిపిచ్చింది. ఏమో మరి, నేను మంచిగ సూడలే."

"ఏమో అంటే చాయ్ అమ్ముకో. సాక్ష్యం జోలికి రాకు," అన్నాడు రాజేశ్వర్ రావు.

సమ్మమ్మ రొమ్ము చరుచుకుంది. "నూటికి నూటపది పాళ్లు వీడే! కాకుంటే నా కండ్లు పోను!"

గొంతు వణకలేదు. రాజేశ్వర్ రావు చెయ్యి చాపాడు. "హమాలీ కార్డు ఇటియ్యిరా యాకయ్యా. రేపటిసంది యార్డుకు రాకు."

యాకయ్య కార్డున్న జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తల గోక్కున్నాడు. సమ్మమ్మ కళ్లలోకి చూశాడు. ఆ కళ్లలో ఇసుమంత అనుమానం లేదు.

"అంత గట్టిగ చెప్తాందంటే... నేనే తీసిన్నేమో సేటూ. పొద్దటిసంది ఎన్ని మోసిన్నో, ఏది ఏడ ఏసిన్నో యాదికి లేదు. నా చేన్ల కాయ నాలుగు బస్తాలు అమ్మనీకి తెచ్చిన. అండ్ల ఒకటి ఇస్త. కార్డు మాత్రం గుంజుకోకుండ్రి."

"చూసినవా, దొంగ దొరికిండు!" అన్నాడు రాజేశ్వర్ రావు, పూలమ్మ వైపు తిరిగి. "ధీమా అంటే అట్లుండాలె."

పూలమ్మ తలదించుకుని గ్లాసులు కడుక్కుంది. యాకయ్య తన బస్తా తానే మోసుకొచ్చి సమ్మమ్మ కుప్పలో దించాడు.

"ఇగ బుద్ధిగుండు బిడ్డా," అంది సమ్మమ్మ, పెద్ద మనసు చేసుకుని. ఇంతలో ఆమె బస్తా మీద పెట్టిన ఫోను మోగింది. "నా చేతులకు కారం ఉన్నది, ఆ పచ్చది జర ఒత్తి స్పీకర్ పెట్టు."

యాకయ్య ఒత్తాడు. స్పీకర్లోంచి కోడలు కావ్య గొంతు యార్డంతా వినబడింది.

"అత్తా, ట్రాలీల పడ్తలేదని పొద్దుగాల నువ్వు దింపిచ్చిన బస్తా వాకిట్లనే ఉన్నది, మొగులైతాంది, వానొచ్చేటట్టున్నది, ఇంట్ల పెట్టాల్నా?"