రాయికి రెండో వైపు

“పేరు చెక్కేశాక వాపసంటే ఎలా బాబాయ్? మీ పేరున్నవాడు ఇంకొకడు నాకెక్కడ దొరుకుతాడు?” అన్నాడు రాళ్ళు చెక్కే మేస్త్రీ.

అద్దాలాయన ఆటోలోంచి దింపిన నల్లరాయి మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. జీవితమంతా అద్దాలు అమ్మినవాడు. మొదటి మాటకే లొంగే రకం కాదు.

“ఒక్కరోజు కూడా వాడలేదు. కొత్తది కొత్తగానే ఉంది.”

“మరి అంత తొందరపడి చేయించడమెందుకు?”

“తొందర నాదా? మా వీధిలో లారీల పొగది. ముప్పై ఏళ్ళు పీల్చాం. టైలరు వెళ్ళిపోయాడు, మందుల షాపాయన వెళ్ళిపోయాడు. ఆ పొగ పడక నిరుడు మా ఆవిడా వెళ్ళింది. ఇక నేనొక్కణ్ణీ ఇక్కడేం చేస్తానని ఆవిడ పక్కనే చోటు కొన్నా. ఊరి చివర, అన్నీ చెట్లే. పిల్లలకు బేరం చేతకాదని రాయి కూడా నేనే పురమాయించా.”

“ఇప్పుడేమైంది?”

“లారీల్ని బయటి రోడ్డుకి మళ్ళించారుగా. పొద్దున తుడిచిన అద్దం సాయంత్రానికీ మసిబారడం లేదు. దీన్ని దింపడానికి నేనూ ఓ చెయ్యేశా, ఆయాసం వచ్చిందా, చూశావా? ఏడాది తిరక్కుండా బయల్దేరాల్సిందే అన్న డాక్టరే, పోయినవారం ఛాతీ చూసి, ఇప్పట్లో ఎక్కడికీ కదలక్కర్లేదన్నాడు.”

మేస్త్రీ ముఖం విప్పారింది. “పిన్నిగారికి చెప్పారా?”

“ఆదివారం వెళ్ళి చెప్పొచ్చా. నాలుగు తిడుతుందనుకున్నా, ఒక్కమాట అనలేదు. నా ఆలస్యాలు ఆవిడకు కొత్తేం కాదులే.”

“ఎప్పటికైనా వెళ్ళేదేగా, ఇంట్లో ఉంచుకోండి.”

“ఇది ఉంటే తను ఉండనంటోంది మా అమ్మాయి!”

అద్దాలాయన రాయి వెనక్కి వెళ్ళి అరచేత్తో నిమిరాడు. కొన్న సరుకు అక్కరకు రానందుకు ఇంత సంతోషించడం అతని వ్యాపారంలో ఇదే మొదటిసారి.

“ఈ వైపూ నున్నగానే ఉందయ్యా. దుకాణం మళ్ళీ తెరుస్తున్నా. ‘అద్దాల దుకాణం’ అని పెద్దక్షరాలతో చెక్కు. నా పేరు గోడవైపు ఉంటుంది, ఎవరికీ కనబడదు. వెళ్ళేరోజు వచ్చినప్పుడు ఇటు తిప్పుకుంటే సరి.”

“ఒక్క రాయితో రెండు పనులా? మీరు మారరు బాబాయ్!”

“మారితే నష్టం కదరా.”

నవ్వుతూనే మేస్త్రీ ఆ సమాధిరాయిని బోర్లా తిప్పాడు.