ఫెబా చెప్పవలసిన ఆమేన్

“ప్రేమగల పరలోకపు తండ్రీ, మా ఫెబాకు బుద్ధి దయచేయుము,” అన్నాడు యేసుపాదం కళ్లు గట్టిగా మూసుకుని.

ఇంకా తెల్లవారలేదు. నడింట్లో చాప మీద ముగ్గురు మోకరించారు: సంఘపెద్ద యేసుపాదం, ఆయన భార్య ప్రేమమ్మ, కూతురు ఫెబా. ఇంట్లో ఎవరికి ఏం చెప్పాలన్నా ఆయన దేవుడితోనే చెబుతాడు. మామూలుగా చెబితే ఎదురు మాట్లాడతారు. ప్రార్థనకు ఎదురెవరు మాట్లాడతారు? కూరలో ఉప్పెక్కువైన సంగతి కూడా ప్రేమమ్మకు ప్రార్థనలోనే తెలిసేది.

ఆ ఇంట్లో ఇంకో చట్టం ఉంది. పెద్దదిక్కు చివరి ఆమేన్ చెప్పేదాకా ఎవరూ కళ్లు తెరవకూడదు. అది యేసుపాదం పెట్టింది కాదు. ఆయన తాత మిషను బంగళాలో వంటవాడు. ప్రార్థనలో కళ్లు తెరిచిన పిల్లల్ని అక్కడి దొర బెత్తంతో బాదేవాడు. స్వాతంత్ర్యం వచ్చాక దొర ఓడెక్కి పోయాడు గానీ, చట్టాన్ని తాతకు అప్పజెప్పి మరీ పోయాడు. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి అది చెక్కుచెదరకుండా వచ్చింది. యేసుపాదం అయితే ఊహ తెలిశాక ప్రార్థనలో కన్ను తెరిచి ఎరగడు.

“గుంటూరు ఆసుపత్రిలో నర్సు ఉద్యోగమట ప్రభువా, చేరడానికి ఇవాళే ఆఖరట. మొన్న చెప్పకుండా బస్సెక్కితే, నీ దాసుడు బండి మీద వెంటపడి చిలకలూరిపేట రాకముందే దింపుకొచ్చాడు. ఇవాళ అద్దంకి పాస్టరుగారి తమ్ముడు పెళ్లిచూపులకు వస్తున్నాడు. జుట్టు పల్చబడినా మనసు మంచిది. ఈ సంబంధం నువ్వే తెచ్చావు. నా బిడ్డ నోట ఆమేన్ పలికించుము.”

ఫెబా పలకలేదు.

యేసుపాదానికి పంతం వచ్చింది. పిల్ల లొంగేదాకా ప్రార్థన ముగించకూడదనుకున్నాడు. మిరప కోతలకు వెళ్లే కూలీల కోసం ప్రార్థించాడు. పత్తికి పట్టిన పురుగు పోవాలని ప్రార్థించాడు. మళ్లీ పెళ్లికొడుకు దగ్గరికొచ్చి ఆగాడు. చాప మీద చప్పుడు లేదు.

“ఏవండీ, ఇంకాస్త ప్రార్థించండి,” మెల్లగా అంది ప్రేమమ్మ. “పిల్ల మనసు ఇంకా కరగలేదు.”

ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ ప్రార్థన పొడిగించమనడం అదే మొదటిసారి. యేసుపాదం ఛాతీ పొంగింది.

“నువ్వూ నా పక్షమేనన్నమాట!”

“అయ్యో, అదేం మాట? పాలకుల కోసం కూడా చెయ్యండి.”

సర్పంచి మొదలుకొని ఢిల్లీ దాకా పాలకులందరినీ ఆయన దేవుడికి అప్పగించాడు.

“పాస్టరమ్మగారి మోకాళ్లు మర్చిపోయారు.”

వాటి కోసమూ ప్రార్థించాడు. ఈలోగా తన మోకాళ్లు తిమ్మిరెక్కాయి.

“పిల్లేం చేస్తోందే? ఏడుస్తోందా?”

“కళ్లు మూసుకుని ఎట్లా చెప్పనండీ?”

“అదీ నిజమే,” అన్నాడు, భార్య క్రమశిక్షణకు మురిసిపోతూ.

నిజానికి ఫెబా అంటే ఆయనకు ప్రాణం. ఆ ప్రాణం తను చెప్పినట్టు వినాలి, అంతే. ఎండ వచ్చి కనురెప్పల మీద పడింది. గొంతు బొంగురుపోయింది. పెళ్లివారి ముందు తల ఎట్లా ఎత్తుకోవాలో తెలియక, దేవుణ్ణి పక్కనపెట్టి మొదటిసారి నేరుగా కూతురినే అడిగాడు.

“ఒక్క మాట, తల్లీ. మీ నాన్న పరువు నిలబెట్టు.”

ఎక్కడో బస్సు హారన్ మోగింది.

“ఆమేన్, నాన్నా,” అంది ఫెబా స్పష్టంగా.

మూసిన కళ్లలోంచే యేసుపాదానికి నీళ్లు కారాయి. దొరగారి చట్టం గెలిచింది.

“చూశావా ప్రేమమ్మా, ప్రార్థన శక్తి!”

“చూస్తూనే ఉన్నానండీ.”

ఆయన తృప్తిగా చివరి ఆమేన్ చెప్పి కళ్లు తెరిచాడు.

“అమ్మా, చిలకలూరిపేట దాటేశాను, ఇంక నాన్నని ఆపెయ్యమను,” అంది చాప మీది ఫోను.