పైత్యపు ఒళ్ళు

"ఆ బిళ్ళలు వాడికి ఇవ్వకండి బాబూ!"

నాగాయలంక మెడికల్ క్యాంపులో వరసను తోసుకుంటూ వచ్చి అరిచాడు ఒక ముసలాయన. రెండువేల ఆరు వానాకాలం. కాళ్ళనిండా బురద.

డాక్టర్ వెంకట్ తలెత్తాడు. ఎదురుగా బల్ల మీద మలేరియాతో వణుకుతున్న ప్రేమ్ కుమార్, ఇరవై ఏళ్ళవాడు. పక్కన తల్లి రాజమ్మ. ఆమెకు ఒక్కడే కొడుకు.

"ఏం? ఎందుకివ్వకూడదు?"

"వాడిది పైత్యపు ఒళ్ళు బాబూ. వాళ్ళమ్మ వైపు మగాళ్ళందరిదీ అంతే. ఆ బిళ్ళలు పడవు."

వెంకట్‌కు నవ్వొచ్చింది. రాదూ మరి! వాత పిత్త కఫాలకూ జన్యువులకూ ఉన్న సంబంధం తేల్చి, ఎవరి ఒంటికి తగ్గ మందు వాళ్ళకు ఇవ్వాలని హైదరాబాదు నుంచి పరిశోధనకు వచ్చినవాడు. అతనికే పాఠమా?

"నాడి చూశావా పెద్దాయనా?"

"చూడక్కర్లేదు బాబూ. నాకు తెలుసు."

"మా ఆయుర్వేదం డాక్టరు గారు నాడి చూసి మరీ కఫ శరీరమని రాశారు. నువ్వు చూడకుండానే చెప్పేస్తున్నావే! పక్కకు జరుగు."

ముసలాయన రెండు చేతులూ జోడించాడు. వాచ్‌మన్ రెక్క పట్టుకుని బయటికి లాక్కెళ్ళాడు.

తొలి బిళ్ళ రాజమ్మే తన చేత్తో మింగించింది.

నాలుగో రోజుకు కుర్రాడి కళ్ళు పచ్చబడ్డాయి. మూత్రం నల్ల కాఫీలా వచ్చింది. బందరు ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, చల్లపల్లి దాటాక తల్లి ఒళ్ళోనే కన్నుమూశాడు.

రెండు నెలలకు, క్యాంపులో తీసిన రక్తం రిపోర్టు వచ్చింది. తల్లి వైపు నుంచి వచ్చిన జన్యులోపం. ఆ బిళ్ళలు వేస్తే రక్తకణాలు చితికిపోతాయి.

వెంకట్ ఆ కాగితం పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మిషన్లు రెండు నెలలకు చెప్పింది ఆయన ఒక్క చూపులో చెప్పాడే! అంతటి వైద్యుణ్ణి బయటికి గెంటించానే!

మర్నాడే నాగాయలంక బస్సెక్కాడు.

రాజమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. ఆమె మొహంలోకి చూసే ధైర్యం అతనికి లేదు.

"అమ్మా, ఆ రోజు వచ్చిన వైద్యుడు గారి ఇల్లెక్కడ? ఆయన కాళ్ళ మీద పడాలి."

"వైద్యుడా? మన మత్తయి తాతా?"

ఆమె గుమ్మం పట్టుకుని లేచింది.

"ఆయనకి వైద్యం ఎక్కడిది బాబూ! మావాళ్ళు కామెర్లతో పోయారనే అనుకున్నాం మేము. జ్వరానికి బిళ్ళలు మింగి, కళ్ళు పచ్చబడి పోయిన మా మేనమామకీ, నా ఇద్దరు తమ్ముళ్ళకీ, ఇప్పుడు నా బిడ్డకీ... సమాధుల తోటలో గొయ్యి తవ్వింది ఆయనే."