ఎక్కువ పొగొచ్చే పొయ్యి

"ఎక్కువ పొగొచ్చేది కావాల" అన్నాడు చంద్రరావు.

లింగరాజు సుత్తి కింద పెట్టాడు. బర్మాలో బోటాటౌంగ్ రేవు పక్కన పాత నూనె డ్రమ్ములు కోసి, పెరట్లో పెట్టుకునే కట్టెల పొయ్యిలు చేసి అమ్మడం అతని పని. ఇరవై ఏళ్ళలో ఇలాంటి బేరం తగల్లేదు.

"ఏటి బావా, మతి గాని పోయిందేటి? అందరూ పొగ రానిది అడుగుతారు. ఇదిగో, ఈ వంపు గొట్టందైతే నాలుగు పుల్లలకే బిందెడు నీళ్ళు మరిగిపోతాయి."

"నీళ్ళు కాగినా కాగకపోయినా ఒకటే. గొట్టం ఎంతెత్తు పెట్టగలవు?"

"ఎంత కావాల?"

"పై వాటా కిటికీ దాకా."

లింగరాజుకి అర్థమైంది. గాలి సరిగా ఆడదని ఎవరో తిప్పి పంపేసిన వెడల్పు డ్రమ్ము ఒకటి లోపల్నుంచి దొర్లించుకొచ్చాడు. "పట్టుకెళ్ళు. దీనికి నానేటీ పుచ్చుకోను" అన్నాడు.

సైన్యం గద్దెనెక్కి, తిరగబడిన పిల్లల్ని ఇళ్ళలోంచి ఈడ్చుకుపోతున్న రోజులవి. సంచౌంగ్ పేటలో ఒకే ఇంట్లో కింది వాటా చంద్రరావుది, పై వాటా శంకరరావుది. ఏ ఇంట్లో ఎవరు పడుకుంటున్నారో వార్డు ఆఫీసుకి చెప్పి తీరాలి. ఆ జాబితా రాసే గుమాస్తా శంకరరావు. అందరిళ్ళూ సోదా చేస్తారు, అతనిల్లు తప్ప.

ఆగస్టులో సైనికులు ఆశ కోసం వచ్చారు. చంద్రరావు ఒక్కగానొక్క కూతురు, ఊరేగింపుల్లో ముందు నడిచిన పిల్ల. అప్పుడు చంద్రరావు రేవులో పనిలో ఉన్నాడు. ఇంటికొచ్చేసరికి సామానంతా చిందరవందర, పిల్ల లేదు. వీధి తలుపు తీసి సైనికుల్ని లోపలికి రానిచ్చింది శంకరరావేనని చూసినవాళ్ళందరూ చెప్పారు.

అంతే, ఆ ఇంటిని వీధి వెలేసింది. శంకరరావు భార్య పైడితల్లిని చూస్తే కూరలమ్మే ఆవిడ తక్కెడ దించేసేది. వాళ్ళ గడప తొక్కిన మనిషి లేడు.

చంద్రరావుకి కోపమొస్తే నోటికి తాళం ఉండదు. మెట్ల కింద నిలబడి పదిళ్ళకి వినబడేలా తిట్టేవాడు. శంకరరావు తల వంచుకుని పోయేవాడు. ఒక్కసారి మాత్రం ఆగాడు.

"జైలు గేటు కాడికి ఎల్లడం మానీ అన్నా. నీ మీద కూడా కన్ను పడతాది."

బెదిరింపు కూడానా! చంద్రరావు ఒళ్ళు మండిపోయింది. వారం వారం అన్నం మూట కట్టుకెళ్తే, ఆ పేరు గలవాళ్ళు ఇక్కడ లేరని గేటు దగ్గర తిప్పి పంపేసేవారు. అబద్ధాలాడుతున్నారని పళ్ళు నూరుకుంటూ వచ్చేవాడు.

డిసెంబరు చలిలో పెరట్లో పొయ్యి వెలిగింది. పచ్చి మామిడి కట్టె, పైన కొబ్బరిపీచు. గొట్టం మూతి సరిగ్గా శంకరరావు కిటికీ కింద. మూసిన రెక్కల సందుల్లోంచి పొగ లోపలికి దూరింది. కాసేపటికి దగ్గు మొదలైంది. ఆ దగ్గు చెవిన పడ్డాక, నాలుగు నెలల్లో మొదటిసారి చంద్రరావు కడుపునిండా తిన్నాడు.

మూడోరోజు పైడితల్లి మెట్లు దిగి వచ్చింది.

"అన్నియ్యా, ఆ పొయ్యి కాస్త పక్కకి జరపండి. కిటికీ తియ్యడానికి లేదు, మూస్తే ఊపిరాడ్డం లేదు."

"తియ్యడానికి లేదా? ఏం, మొకాలు సూపించడానికి సిగ్గా?"

ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఆశమ్మ..."

"నా కూతురి పేరు నీ నోట రానీకు."

ఆ అరుపుకి సందులో కిటికీలన్నీ తెరుచుకున్నాయి. పైడితల్లి వాటికేసి ఒకసారి చూసింది. గబగబా మెట్లెక్కి వెళ్ళిపోయింది. పొగరు దిగిందనుకున్నాడు చంద్రరావు.

మర్నాడు పొద్దున్నే డ్రమ్ము నిండా కట్టె కుక్కి, పీచు తడిపి మరీ వేశాడు. పొగ నల్లగా లేచింది. ఆ రోజుల్లో నల్లపొగ కనిపిస్తే రోడ్డుకి అడ్డంగా టైర్లు తగలబెట్టారనే లెక్క. వీధి మొదట్లో కాపలా ఉన్న సైనికులు నలుగురు తుపాకులతో వెనకసందులోకి వచ్చేశారు.

చంద్రరావు చేతులు కట్టుకుని, స్నానానికి నీళ్ళు కాచుకుంటున్నానని బర్మీస్‌లో చెప్పాడు. నలుగురూ పొయ్యిని చూశారు. ఇంతలో పైన తెరలు తెరలుగా దగ్గు. నలుగురూ తలలెత్తారు.

చూడండి, బాగా చూడండి, మీ మనిషి ఎలా ఉక్కిరిబిక్కిరవుతున్నాడో అనుకున్నాడు చంద్రరావు. వాళ్ళు చూస్తుండగానే ఇంకో పిడికెడు పీచు పొయ్యిలో పడేశాడు. ఇంత హాయి అతను ఎన్నడూ ఎరగడు.

కిటికీ రెక్కలు ధడాలున తెరుచుకున్నాయి. నాలుగు నెలలుగా శంకరరావు దంపతులు ఆ గదిలో దాచి కాపాడుతున్న ఆశ, ఊపిరి కోసం తల బయటపెట్టింది.