కాకి ముట్టని కూర

చేపలు లేకుండా పోయాక ఉప్పాడలో ఇంటింటికీ ఒక ఉప్పునీళ్ల తొట్టె వచ్చింది. అందులో సముద్రం అడుగునుంచి తెచ్చిన సముద్రదోస ఉంటుంది. నల్లగా, మెత్తగా ఉండే ఆ జీవిని సగం కోసి వండుకుంటే మిగతా సగం మళ్లీ పెరుగుతుంది.

నాన్న సంవత్సరీకానికి నూకరత్నం ఆ కూరే వండి, అన్నంతోపాటు గోడమీద పెట్టింది. కాకి వచ్చింది గానీ ముట్టలేదు. ఎగిరివెళ్లి తొట్టె అంచున వాలి, నీళ్లలోకి చూస్తూ అరిచింది.

"తొట్టెలోది ఏం తిని బతుకుతాదే?" అడిగింది తల్లి పోలమ్మ.

"సముద్రం అడుక్కి చేరిందల్లా తింటాదంటమ్మా."

"మీ నాన్న పడవ దొరికింది గానీ, మనిషి దొరకలేదు కదే."

తొట్టెలో మిగిలిన సగం మెల్లగా పైకి పాకింది. పోలమ్మ గబుక్కున భుజాల నిండా కొంగు కప్పుకుంది, ఆయన వేటనుంచి ఇంటికొచ్చినప్పుడల్లా కప్పుకున్నట్టే.

పొద్దున దాన్ని కోసిన కత్తిపీట ఇంకా తడి ఆరలేదు.