నాయనమ్మ కొలతలు

నాయనమ్మ కుట్టిన బట్టలన్నీ సంస్మరణ సభలో బల్ల మీద వరసగా పేర్చేసరికి కోడలికి చెమటలు పట్టాయి.

పేర్చమన్నది వీధి సంఘం అధ్యక్షుడు. ఏదైనా సరే బల్ల మీద పెట్టి, పక్కన మైకు పెడితే గానీ ఆయనకు తృప్తి ఉండదు. నాయనమ్మ పోయి నెల దాటింది. సంఘం భవనంలో కొత్తగా కుట్టు తరగతి మొదలుపెడుతున్నారు. దానికి ఆవిడ పేరు పెట్టాలని ఆయన ఆలోచన. సంఘమన్నాక అడ్డుపుల్ల వేసేవాడు ఒకడుంటాడు కదా. "పేరు పెట్టాలంటే ముందు పనితనం తేలాలి" అని కోశాధికారి మెలిక పెట్టాడు. అందుకని ముప్ఫై ఏళ్లు కుట్టుపని నేర్పి రిటైరైన టీచరమ్మను పిలిపించారు. ఆవిడ చూసి సరేనంటేనే పేరు.

నాయనమ్మ మంచితనం మీద ఎవరికీ పేచీ లేదు. వీధికంతా ఆవిడ నాయనమ్మే. ఎవరింట్లో పుట్టినా, పోయినా గుమ్మంలో మొదట కనిపించేది ఆవిడే. ఇంట్లో ఎవరికి ఒళ్లు వెచ్చబడినా మంచం దిగనిచ్చేది కాదు. మిగతా వేళంతా కిటికీ పక్కన కుట్టుమిషను ముందే. పుట్టిన పాపకు గౌను, బడికి వెళ్లేవాడికి యూనిఫారం, ఉద్యోగం వచ్చినవాడికి చొక్కా. అడక్కుండానే టేపు పట్టుకుని వచ్చేసేది. వద్దంటే వినేది కాదు.

చిక్కల్లా ఆ కొలతలతోనే వచ్చేది.

చొక్కాకు ఒక చెయ్యి మణికట్టు దగ్గర ఆగితే రెండోది వేళ్లు దాటి వేలాడేది. ఏది కుట్టినా వదులే తప్ప బిగుతు కాదు. ఒకే యూనిఫారంలో మనవడూ, వాడి స్నేహితుడూ కలిసి దూరిన సందర్భం ఉంది. "ఒకప్పుడు ఆవిడ కుట్టు వేరు" అనేవాళ్లు వీధిలో పెద్దవాళ్లు. పెద్దవాళ్లు దేని గురించైనా అదే అంటారు.

"ఎలా ఉందిరా?" అని ఆవిడ ముఖం చేటంత చేసుకుని అడిగితే, "అతికినట్టు ఉంది నాయనమ్మా" అనని మనిషి వీధిలో లేడు. అనేసి, మర్నాడు ఆ బట్టల్ని సంచీలో కుక్కుకుని, వీధి చివర టైలరు మాస్టారి కొట్టుకు వెనక గుమ్మం నుంచి వెళ్లేవాళ్లు.

"మాస్టారూ, నాయనమ్మకు తెలిస్తే బాధపడుతుంది."

"నా నోట రాదమ్మా" అనేవారు మాస్టారు. రాలేదు కూడా.

పాతికేళ్లుగా ఎవరికి వాళ్లు ఆ గుట్టు తమ ఒక్కరిదే అనుకున్నారు. ఇరవై ఏళ్ల కిందట ఆ ఇంట్లో అడుగుపెట్టిన కోడలూ అంతే. వెనక గుమ్మం దగ్గర పక్కింటావిడ ఎదురైతే, ఒకరు గుండీలకని, ఒకరు దారానికని చెప్పుకుని, ఇద్దరూ సంచులు వెనక్కి దాచుకునేవాళ్లు.

సభ మొదలైంది. "ఉద్యోగంలో చేరిన రోజు నేను వేసుకున్నది ఆవిడ కుట్టిన చొక్కానే. ఇప్పటికీ ఒక్క కుట్టు ఊడలేదు!" అన్నారు అధ్యక్షుడు. డాక్టరుగారు తన తెల్లకోటును ఆకాశానికెత్తారు. మాట్లాడిన ప్రతివాళ్లూ చివరి వరసలో కూర్చున్న మాస్టారి వైపు ఒకసారి చూసి, గబుక్కున కుర్చీలో కూలబడ్డారు.

టీచరమ్మ ఉపన్యాసాలకు లొంగే మనిషి కాదు. తిన్నగా బల్ల దగ్గరికి వెళ్లి చొక్కాను తిరగేసింది. హాల్లో చాలామందికి ఒకేసారి దగ్గు వచ్చింది.

"ఇందులో ఇద్దరి చేతిపని ఉందే" అంది. "విప్పి మళ్లీ కుట్టారు. ఇదీ అంతే. ఈ గౌనూ అంతే. అసలు ఇందులో ఆవిడ పనేది?"

తేలు కుట్టిన దొంగల్లా కూర్చుండిపోయారు అందరూ. మెలిక పెట్టిన కోశాధికారి ఉత్సాహంగా లేచాడు. బల్ల మీద తన ప్యాంటు కూడా ఉందని గుర్తొచ్చి మళ్లీ కూర్చున్నాడు.

"చెప్పగలిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అంది టీచరమ్మ.

అన్ని తలలూ చివరి వరసకు తిరిగాయి. కోడలు కుర్చీ అంచుకు జరిగింది. అత్తగారి పేరు, ఇంటి పరువు, అన్నీ ఆ ఒక్క మనిషి నోట్లో ఉన్నాయి.

మాస్టారు మెల్లగా బల్ల దగ్గరికి వచ్చారు. ఒక చొక్కాను చేతిలోకి తీసుకున్నారు.

"మనుషులు ఒక్కలా ఉంటారాండీ? లావవుతారు, సన్నబడతారు. అప్పుడల్లా విప్పి కుట్టింది నేను. ఆవిడలాంటి పనిమంతురాలిని మాత్రం నేను మళ్లీ చూడలేదు."

టీచరమ్మ ఆయన ముఖంలోకి కాసేపు చూసి, కాగితం మీద సంతకం పెట్టింది. చప్పట్లతో హాలు మారుమోగింది. అందరికంటే గట్టిగా కొట్టింది కోశాధికారి.

జనం వెళ్లిపోయాక కోడలు మాస్టారి దగ్గరికి వచ్చింది. కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

"మా పరువు నిలబెట్టారు మాస్టారూ. మా కోసం నిండు సభలో అబద్ధాలాడారు."

మాస్టారు చిన్న గౌను మడత పెడుతున్నారు.

"ఒక్కటేనమ్మా నేనాడిన అబద్ధం, లావూ సన్నమూ అన్నది" అన్నారు. "పొట్ట చేతపట్టుకుని వచ్చిన నాకు సూదిలో దారం ఎక్కించడం దగ్గర్నుంచి కోటు కుట్టడం దాకా దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పింది ఆవిడే, నేను కొట్టు తెరిచి మూడు నెలలు ఈగలు తోలుకుంటుంటే నాలుగో నెల నుంచి ఆవిడకు కొలతలు తప్పడం మొదలైంది."