రెండు సంచుల ఐసు

బందరు ఐసు ఫ్యాక్టరీలో ఐసు ఇచ్చే బాబూరావుకి వరస అంటే వరసే.

యజమాని బావమరిది వచ్చినా బళ్ల వెనకే నిలబడాలి. ఆ సంగతి పదిమందికీ చెప్పుకుని మురిసిపోతుండేవాడు.

ఆ మధ్యాహ్నం కృత్తివెన్ను నుంచి నాలుగు రొయ్యల బళ్లు వచ్చి ఉన్నాయి. చెరువుల్లో రొయ్యలు పట్టే రోజులు. ఐసు పొడి చేసే మిషన్‌కి క్షణం తీరిక లేదు.

అప్పుడొచ్చాడు ఆ మనిషి. నలిగిన చొక్కా, చేతిలో రెండు కొత్త ప్లాస్టిక్ సంచులు.

"ఆస్పత్రికండీ. ఈ రెండు సంచులకీ ఐసు కావాలి. మెత్తగా పొడి చేసి ఇప్పించండి."

బాబూరావుకి అడగకుండానే అర్థమైపోయింది. శవం కింద పరచడానికి ఐసు కావాలని ఆస్పత్రి నుంచి ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు.

"శవానికి పొడెందుకండీ, దిమ్మలు చాలు. పొడే కావాలంటే ఆ నాలుగు బళ్లూ అయ్యాకే."

"చాలా తొందరండీ."

"పోయినోళ్లకి తొందరేంటండీ? తొందర రొయ్యకి."

వెనక ఎవరో నవ్వారు. ఆ మనిషి ఏదో చెప్పబోయి, చెప్పలేక తల దించుకున్నాడు.

మొదటి బండి డ్రైవరు పోతయ్య ఆయన ముఖం చూసి, నా వంతు ఆయనకిచ్చెయ్యండి అన్నాడు. ఇవాళ ఒకరికి వదిలితే రేపు అందరూ అడుగుతారని బాబూరావు ఒప్పుకోలేదు.

గంట దాటింది. ఆ మనిషి సిమెంటు గట్టు మీద కూర్చుని, ఫోను మోగినప్పుడల్లా "వచ్చేస్తన్నానండీ" అంటూనే ఉన్నాడు.

వంతు వచ్చాక సంచులు రెండూ గుండెలకి హత్తుకుని ఆటో ఎక్కాడు. చొక్కా తడిసి ముద్దయినా కింద పెట్టలేదు.

పది రోజుల తర్వాత ఆ ఆస్పత్రి నుంచే విల్సన్ అనే ఆయన వచ్చాడు. అక్కడ అవయవదానాల పని చూస్తాడట. ఇకముందు అడిగిన వెంటనే ఐసు దొరికేలా మాట తీసుకుందామని వచ్చాడు.

"మొన్న యాక్సిడెంటులో ఒకమ్మాయికి బ్రెయిన్ డెడ్ అయిందండీ, ఇరవై ఏళ్లు. ఇంట్లోవాళ్లు దానానికి ఒప్పుకున్నారు. కాలేయం, కిడ్నీలు దక్కాయి. క్లోమం దక్కలేదు."

ఒంట్లో షుగరుని అదుపులో ఉంచేది అదేనని, అన్నిట్లోకీ సుకుమారమైందని చెప్పాడు. తీసిన క్షణం నుంచీ ఐసు మధ్యే ఉంచాలి. ఐసు దానికి తగలకూడదు, చల్లదనం మాత్రం తగలాలి. సరిగ్గా ఆ రోజే ఆస్పత్రి ఐసు మిషన్ మొరాయించింది. ఇక్కణ్ణించి ఐసు వచ్చేదాకా అవయవాలు తీసే ఆపరేషన్ ఆపారు. ఆపినంతసేపూ ఆ అమ్మాయి బీపీ పడిపోతూనే ఉంది, దాంతో క్లోమం పనికిరాకుండా పోయింది.

"దానికోసం గుడివాడ పిల్ల ఒకతి కాచుకుని ఉందండీ. ఏడో ఏటి నుంచీ రోజూ ఇన్సులిన్ సూదులే. ఆపరేషన్‌కని పడుకోబెట్టి, మళ్లీ లేపి ఇంటికి పంపేశారు."

రొయ్య గురించి తాను అన్న మాట బాబూరావుకే మళ్లీ వినిపించింది. శవానికే అనుకున్నానని చెప్పడానికి కూడా సిగ్గేసింది.

"ఆ రోజు వచ్చినాయన ఒక్క ముక్క చెప్పుంటే బళ్లన్నీ ఆపేసేవాణ్ణండీ," అన్నాడు చివరికి. "మీ స్టాఫేనా? నేనొచ్చి క్షమించమని అడుగుతాను."

"మా స్టాఫ్ చాలక అవస్థ పడుతుంటే, నేను తెస్తానని ఆయనే లేచారండీ," అన్నాడు విల్సన్. "చల్లపల్లి ఆయన, ఎలీషా గారు. అవయవాలిచ్చిన ఆ అమ్మాయి నాన్నగారు."